ముందు నువ్వెవరో చెప్పు, తర్వాత నూనె సంగతి చెప్పు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ ఏజెన్సీ వాళ్ల ప్లాన్, అదే ఆన్‌లైన్ గ్రూపుల్లో దొంగ అకౌంట్లతో నీ నూనెని పొగిడిస్తామన్నది, రెండుసార్లు చదివాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, ఫోన్‌లో నువ్వు "సరే అత్తా, చూద్దాం అత్తా" అని మాట దాటేస్తావు. ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కూడా కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా గానుగ ఆపి, అన్నం తిన్నాక చదువు.

నువ్వు ఉద్యోగం మానేసి ఊళ్లో గానుగ పెట్టినప్పుడు, నేనే నిన్ను ఎగదోశానని మీ నాన్న నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ నూనె మీద నాకెంత నమ్మకమో నీకు తెలుసు. కదిరి నుంచి వేరుశెనగ కాయ తెప్పించి, ఒలిపించి, పుచ్చులు చేత్తో ఏరించి, రెండున్నర కిలోల గింజలు పోస్తేగానీ లీటరు రాని పని నువ్వు చేస్తున్నావు. లీటరు 400 అంటే, పక్క కొట్లో ప్యాకెట్ అందులో సగం కూడా లేదు కదా అని జనం ఆగిపోతారు. డబ్బాలు గోడవారన పేరుకుపోతుంటే నీకు నిద్ర పట్టదు. ఆ టెన్షన్‌లోనే ఈ ప్లాన్ వైపు చూశావని నాకు అర్థమైంది. నిన్ను తప్పు పట్టడానికి రాయట్లేదు.

కానీ దానికి పైసా కట్టొద్దు. ఎందుకో చెప్తాను, దాని బదులు ఏం చేయాలో కూడా చెప్తాను.

వాళ్లు రాసింది మళ్లీ ఒకసారి చూడు. నెలకి 35 వేలు. పన్నెండు అకౌంట్లు, ఆరు గ్రూపులు. వంటల గ్రూపులు రెండు, చంటిపిల్లల తల్లుల గ్రూపు ఒకటి, షుగర్ ఉన్నవాళ్ల గ్రూపు ఒకటి, మిద్దెతోటల గ్రూపులు రెండు. ఆ రెండింట్లో ఒకటి నేను నడుపుతున్నదే. పొద్దున ఒక అకౌంట్ అడుగుతుంది: "అక్కలూ, మా బాబుకి రిఫైన్డ్ నూనె పడట్లేదు. అసలైన గానుగ నూనె ఎక్కడ దొరుకుతుంది?" ఇరవై నిమిషాల తర్వాత ఇంకో అకౌంట్ నీ గానుగ పేరు చెబుతుంది: "మేం ఏడాదిగా వీళ్ల దగ్గరే తెప్పించుకుంటున్నాం. మా అత్తగారి మోకాళ్ల నొప్పులు కూడా తగ్గాయి." మూడో అకౌంట్ వచ్చి "రేటు కొంచెం ఎక్కువేమో కదా?" అంటుంది. నాలుగోది వచ్చి "ఆస్పత్రి బిల్లుల కన్నా తక్కువే అక్కా" అంటుంది.

ఆ మూడో అకౌంట్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పొగడ్త కొనడం ఎప్పటి నుంచో ఉంది. వీళ్లు సందేహాన్ని కూడా కొంటున్నారు. నిజంగా సందేహం ఉన్న ఒకావిడ ఆ వరుస చూసి, "నేను అడగాలనుకున్నది ఎవరో అడిగేశారు, జవాబు కూడా వచ్చేసింది" అనుకుని ఊరుకుంటుంది. ఆవిడ నోట్లోంచి రావాల్సిన ప్రశ్నని ముందే లాగేసుకున్నట్టు కదా? నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

వయసులో ఉన్నప్పుడు నేను పదకొండేళ్లు ఇంటింటికీ తిరిగి సబ్బులు, బట్టల పొడి అమ్మాను. మీ మావయ్య ఒక్కడి జీతం చాలేది కాదు. గేటు దగ్గర నిలబడి చెప్పే మొదటి మాట "అమ్మా, ఫలానా కంపెనీ నుంచి వచ్చానండి" అని. ఆ మాట వినగానే సగం మంది తలుపు వేసేసేవాళ్లు. మండుటెండలో ఒక్కోసారి ఏడుపు వచ్చేది. కానీ తలుపు తీసినవాళ్లకి నేనెవరో తెలుసు. నా మాటలో ఎంత తీసేయాలో వాళ్లే తీసేసుకుని, మిగిలింది వినేవాళ్లు. "నువ్వు అమ్ముకునేదానివి, బాగుందనే అంటావు. ఏదీ, ఈ మసిగుడ్డ ఉతికి చూపించు" అనేవాళ్లు. ఉతికి చూపించేదాన్ని.

పెళ్లిళ్ల పేరయ్య వచ్చి అబ్బాయి బంగారం అంటే మనం అంతా నమ్మం. సంబంధం కుదిరితే ఆయనకి ముట్టేది ముడుతుందని అందరికీ తెలుసు. అందుకని వాళ్ల వీధిలోకి వెళ్లి పక్కింటివాళ్ల దగ్గర వాకబు చేస్తాం. ఆ పక్కింటావిడకి కూడా మగపెళ్లివారు లోపాయికారీగా డబ్బిచ్చి ఉంటే? అబ్బాయి నిజంగా మంచివాడే కావచ్చు. అయినా ఆ సంగతి బయటపడిన రోజు మనం ఆ ఇంటి గడప తొక్కం. ఈ గ్రూపులన్నీ మనకి ఇప్పుడు ఆ పక్కిళ్లే రా. అమెరికాలో ఉన్న పిల్ల కూడా ఏ మిక్సీ కొనాలో, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో ఊళ్లో వాళ్లని అడిగినట్టే అక్కడ అడుగుతుంది. అడిగితే చెప్పేవాళ్లకి లాభం ఏమీ లేదన్న ధైర్యంతోనే అడుగుతుంది.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను కూడా ఒకసారి ఆ తప్పు చేశాను. మీ నాన్నకి కూడా తెలియదు.

2018లో అప్పటికి మా గ్రూపులో పధ్నాలుగు వేల మంది ఉన్నారు. ఒక చిన్న కంపెనీ వాళ్లు మొక్కలకి బలం ఇచ్చే ద్రవం అంటూ ఐదు లీటర్ల క్యాన్ ఇంటికి పంపారు. "వాడి చూడండి మేడమ్, నచ్చితేనే ఒక ఫొటో పెట్టండి" అన్నారు. వాడాను. ఆ ఏడు వంకాయలు విరగకాశాయి. ఫొటో తీసి, "ఈ ద్రవం మొదలుపెట్టాక నా వంగ మొక్కలు ఇలా ఉన్నాయి" అని రాశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే అదే నెలలో ఆ కుండీల్లో వర్మీకంపోస్టు, వేపపిండి కూడా కొత్తగా వేశానని రాయలేదు. క్యాన్ నాకు ఊరికే వచ్చిందని కూడా రాయలేదు. దాచాలనేమీ కాదు, రాయాల్సిన అవసరం ఉందని తోచలేదు, అంతే.

మూడు వారాల తర్వాత మా గ్రూపులో ఉండే ఒక రిటైర్డ్ టీచర్‌గారు ఫోన్ చేశారు. మెహదీపట్నంలో ఉంటారు. నా పోస్ట్ చూసి ఐదు లీటర్ల క్యానే తెప్పించుకున్నారట. లీటరు నీళ్లకి ఐదు ఎంఎల్ కలపాల్సింది, త్వరగా ఫలితం వస్తుందని ఎక్కువ కలిపి పదహారు కుండీల మిరపకి పోశారు. ఆకుల అంచులన్నీ మాడిపోయాయి. ఆవిడ నా మీద కోపంగా ఫోన్ చేయలేదు. ఏం చేస్తే మళ్లీ చిగురిస్తాయో అడగడానికి చేశారు. మంచి నీళ్లు బాగా పోసి మందంతా కిందికి దిగిపోయేలా చేయమని చెప్పాను. పెట్టేసే ముందు మామూలుగా అడిగారు: "మీకెంత పడిందమ్మా? నాకు 900 పడింది. మీకేమైనా తగ్గించారా?"

నాకు నోట మాట రాలేదు. వంటింట్లో నిలబడి ఉన్నాను, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. చివరికి "నాకు ఊరికే ఇచ్చారండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయ్యో, ఆ మాట రాసుంటే నేను చిన్న సీసాతో మొదలుపెట్టేదాన్ని కదమ్మా" అన్నారు. అంతే. ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు.

అదే రోజు జరిగిందంతా గ్రూపులో రాశాను. ఆవిడకి 900 పంపిస్తానంటే తీసుకోలేదు. మిరప నారు పెంచి ఇచ్చి వచ్చాను. కొందరు నన్ను తిట్టారు, కొందరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లది తప్పు కాదు. అప్పటి నుంచి మా గ్రూపులో ఒకటే నియమం: ఊరికే వచ్చిందైనా, తగ్గింపుకి వచ్చిందైనా, మనవాళ్ల వ్యాపారమైనా, ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయాలి. చివర్లో కాదు, కామెంట్లో కాదు.

ఆవిడ అన్న మాట గురించి నువ్వు బాగా ఆలోచించు. ఊరికే వచ్చిందని తెలిస్తే అసలు కొనేదాన్ని కాదు అనలేదు. చిన్న సీసాతో మొదలుపెట్టేదాన్ని అంది. చెప్పేవాడి వెనకాల ఏముందో తెలిస్తే వినేవాళ్లు తమ జాగ్రత్తలో తాము ఉంటారు. అది దాచిపెట్టి మనం వాళ్ల చేతిలోంచి తీసేసుకునేది ఆ జాగ్రత్తనే.

నువ్వు నాతో అన్నావు, "అత్తా, నా నూనె నిజంగా మంచిదే కదా, మంచిదాని గురించి ఎవరు చెబితే ఏంటి?" అని. ఈ మాటకి జవాబు చెప్పకుండా ముందుకెళ్లలేను. నీ నూనె మంచిదే. అయినా తల్లుల గ్రూపు సంగతి చూడు. "మా బాబుకి రిఫైన్డ్ పడట్లేదు" అని రాసే ఆ అకౌంట్ వెనకాల బాబూ లేడు, తల్లీ లేదు. ఆ పోస్ట్ చదివే వాళ్లలో వేరుశెనగ పడని బిడ్డ ఉన్న తల్లి ఉండొచ్చు. నువ్వు తీసేది శుద్ధి చేయని నూనె, వేరుశెనగ మాంసకృత్తులు అందులో ఎంతో కొంత మిగులుతాయి. బాగా శుద్ధి చేసిన నూనె తట్టుకున్న బిడ్డకి కూడా గానుగ నూనె ప్రమాదం కావచ్చు. నువ్వు నీ పేరుతో రాస్తే ఆ తల్లి నిన్ను అడుగుతుంది, నువ్వు "వద్దమ్మా, వేరుశెనగ పడకపోతే మా నూనె వాడొద్దు" అని చెప్తావు. ఆ అకౌంట్ నడిపే కుర్రాడికి ఆ సంగతి తెలియదు, తెలిసినా చెప్పడు. షుగర్ గ్రూపు సంగతి ఇంకా భయం. అక్కడ "మా అత్తగారికి షుగర్ కంట్రోల్‌కి వచ్చింది" అని ఎవరైనా రాస్తే, ఎక్కడో ఒక పెద్దాయన మాత్రలు పక్కన పెడతాడు. ఆ రాత్రి ఆయనకి ఏమైనా అయితే, ఆ మాట నీ డబ్బుతో రాయించినదే.

నూనె రోగాలు తగ్గిస్తుందని చెప్పడం చట్టరీత్యా కూడా కుదరదు. ఆహార పదార్థం జబ్బుని నయం చేస్తుందని ప్రకటించకూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల్లోనే ఉంది. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకి 2006 ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా. ఇంకొకటి, నీ లేబుల్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో వేయించావు. ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు రా. ప్యాకెట్ నూనెలోనూ ఉండదు. అది నీ గొప్ప అన్నట్టు వేయడం బాగోలేదు, తర్వాతి సారి ప్రింట్‌లో తీసేయించు.

మిగతా చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వచ్చింది. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడిగా ఒక చిన్న పుస్తకం లాంటిది తెచ్చింది. డబ్బే కాదు, ఊరికే ఇచ్చిన వస్తువులు, తగ్గింపులు, ప్రయాణాలు, చుట్టరికం, ఉద్యోగం, ఇవన్నీ చెప్పి తీరాల్సిన సంబంధాలే అంది. ఏ భాషలో పొగిడితే ఆ భాషలోనే ఆ సంగతి చెప్పాలి, హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో కలిపేయకూడదు అని కూడా ఉంది. తెలుగులో రెండు పేరాలు రాసి అడుగున ఇంగ్లిష్‌లో "#ad" అని పెడితే సరిపోదన్నమాట. తప్పుదోవ పట్టించే ప్రకటనైతే మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకి ఉంది. అడ్వర్టైజింగ్ వాళ్ల సొంత సంఘం ఏఎస్‌సీఐ అంతకుముందే, 2021లో, ఇలాంటి నియమాలు పెట్టుకుంది. నీలాంటి చిన్న గానుగ మీదికి రేపే ఎవరో వస్తారని భయపెట్టడానికి చెప్పట్లేదు. పట్టుబడని తప్పు కూడా తప్పే కాబట్టి, నేను నీకు భయం గురించి ఎక్కువ చెప్పదలచుకోలేదు.

ఆ ప్లాన్ చివరి పేజీలో ఒక వరుస ఉంది. నువ్వు చూశావో లేదో, "పోటీదారుల పోస్టుల కింద ప్రతికూల కామెంట్లు, అదనంగా 8 వేలు" అని. తైవాన్‌లో శామ్‌సంగ్ చేసింది ఇదే. స్టూడెంట్లకి డబ్బిచ్చి ఆన్‌లైన్‌లో తమ ఫోన్లని పొగిడించి, అక్కడి హెచ్‌టీసీ ఫోన్లని తిట్టించింది. 2013లో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ కోటి తైవాన్ డాలర్ల జరిమానా వేసింది. అమెరికాలో సండే రైలీ అనే క్రీముల కంపెనీ సంగతి కూడా ఇలాంటిదే. అక్కడి స్టాఫ్ వేరే పేర్లతో అకౌంట్లు తెరిచి సెఫోరా అనే అలంకరణ సామాన్ల దుకాణం సైట్‌లో సొంత క్రీములకి రివ్యూలు రాసుకున్నారని, అలా రాయమని చెప్పింది యజమానేనని అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో ఆరోపించి, ఇకపై చేయకుండా కట్టడి చేసింది. అంత పెద్దవాళ్లు, మంచి సరుకు ఉన్నవాళ్లు కూడా దీనికి ఎందుకు దిగుతారో నాకు అర్థం కాదు. మన ఊరి అవతల గానుగ పెట్టినాయన కూడా నీలాగే అప్పు చేసి పెట్టాడు. ఆయన పోస్టు కింద ఎవరో ముక్కూ మొహం లేనివాళ్లతో "వాసన వచ్చింది" అని రాయించడం నీ చేత అవుతుందా? నాకు తెలిసి కాదు.

దొరకదని వాళ్లు నీకు చెప్పి ఉంటారు. దొరుకుతుంది. నాకు ఎన్నోసార్లు దొరికింది. మొన్న సంక్రాంతి ముందు మా గ్రూపులో ముగ్గురు ఆడవాళ్లు ఒకే ఇడ్లీ పిండి మిక్స్ గురించి రెండు రోజుల తేడాలో ఫొటోలు పెట్టారు. ఒకరు విజయవాడ, ఒకరు కరీంనగర్, ఒకరు బెంగళూరు అన్నారు. మూడు ఫొటోల్లోనూ వెనకాల గోడ మీద అదే స్విచ్‌బోర్డు, రెండో స్విచ్ మూల విరిగి ఉంది. నేను ఏమీ అనకుండా మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టాను. రాత్రికల్లా మూడు అకౌంట్లూ మాయమయ్యాయి. ఆ పిండి నిజంగా బాగుంటుందో లేదో నాకు తెలియదు, మా గ్రూపులో ఇక ఎవరూ దాన్ని కొనరు. పాపం, ఆ తయారుచేసినవాళ్లకి ఇలా జరిగిందని ఏజెన్సీ చెప్పి కూడా ఉండదు.

2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేసిన యూట్యూబర్ల మీద, నటీనటుల మీద హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టాక, మా గ్రూపులో కూడా మనుషులు మారారు. ఎవరు ఏది బాగుందన్నా "మీకెంత ఇచ్చారు?" అని అడుగుతున్నారు. పాత సభ్యురాలు ఒకావిడ పుల్ల మజ్జిగ కొడితే పేనుబంక పోయిందని రాస్తే, ఆవిడని కూడా అడిగారు. నొచ్చుకుని నెల రోజులు ఏమీ రాయలేదు. దొంగ పోస్టులు పెట్టేవాళ్లు చేసే నష్టంలో నాకు కళ్లారా కనిపించేది ఇది. నిజం చెప్పేవాళ్ల నోరు మూతపడుతోంది.

సరే, మరి నూనె ఎలా అమ్మాలి?

గ్రూపులోకి వెళ్లు, వద్దనట్లేదు. కానీ నీ పేరుతో, నీ ఫొటోతో వెళ్లు. వెళ్లగానే అమ్మకం మాట ఎత్తకు. ముందు అడ్మిన్‌కి మెసేజ్ పెట్టి, "నాది గానుగ, ఇక్కడ అమ్ముకునే రోజు ఏదైనా ఉందా?" అని అడుగు. చాలా గ్రూపుల్లో వారానికి ఒక రోజు ఇస్తారు, మాకు శనివారం. ఎవరైనా అడ్మిన్ "నాకు కొంత ఇవ్వు, నీ పోస్టు పైన పెడతాను" అంటే, ఆ సంగతి అందరికీ చెప్పి పెడతారా అని అడుగు. చెప్పం అంటే ఆ గ్రూపు వదిలేయ్. నన్ను కూడా అడిగేవాళ్లు ఉన్నారు, ఐదువేలు ఇస్తాం ఒక వారం పైన ఉంచండి అని.

మొదటి పోస్టు ఇలా రాస్తే చాలు: "నేను పల్నాడులో గానుగ నడుపుతున్నాను. ఇది నా సొంత నూనె, అమ్మకానికే రాస్తున్నాను. లీటరు 400. ఎందుకంత అంటే ఇదీ లెక్క." అని గింజల ధర, కూలీ, కరెంటు, సీసా, కొరియర్ అన్నీ విడివిడిగా రాయి. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే ఎంత వస్తుందో కూడా రాయి, దాచకు. ఆ లెక్క చూసి కొందరు "మాకు అందదు" అంటారు. అననీ. కొందరు మాత్రం జీవితాంతం నీ దగ్గరే కొంటారు. సబ్బులు అమ్మినప్పుడు నా దగ్గర కొన్న ఇద్దరు ఇప్పటికీ నాకు పండక్కి ఫోన్ చేస్తారు.

నీ నూనెలో ఉన్న ఇబ్బందులు నువ్వే చెప్పు. రిఫైన్డ్ కన్నా త్వరగా పొగ వస్తుంది, అడుగున కొంచెం మడ్డి చేరుతుంది, ఎండ తగిలే చోట పెడితే కమురు వాసన వస్తుంది, వేరుశెనగ పడనివాళ్లు వాడకూడదు. ఇవి నువ్వు రాస్తే, తర్వాత ఎవరైనా "మడ్డి ఉంది" అని కామెంట్ పెట్టినప్పుడు నువ్వు కంగారుపడక్కర్లేదు. ఆ కామెంట్ తీసేయమని అడ్మిన్‌ని బతిమాలకు. అక్కడే జవాబు రాయి, నిజంగా సీసా బాగోకపోతే మార్చి ఇవ్వు, మార్చి ఇచ్చానని నువ్వు రాయకు, వాళ్లు రాస్తే రాస్తారు.

శాంపిల్ సీసాలు ఇవ్వాలనుకుంటే ఇవ్వు. ఇచ్చేటప్పుడు సీసాతో పాటు ఒక చీటీ పెట్టు: "ఇది ఊరికే ఇచ్చింది. దీని గురించి రాయాలని లేదు. రాస్తే ఊరికే వచ్చిందని మొదటే రాయండి. నచ్చకపోతే అదే రాయండి." పోస్టు పెట్టే ముందు నాకు చూపించండి అని మాత్రం ఎప్పుడూ అడగకు. డబ్బాలో పెడుతున్న ఆ రంగు కార్డు, "ఐదు స్టార్లు ఇస్తే 50 తగ్గింపు" అన్నది, అది కూడా ఆపేయ్. తగ్గింపు ఇవ్వదలచుకుంటే రెండోసారి కొన్నవాళ్లందరికీ ఇవ్వు, స్టార్లతో ముడిపెట్టకు. ఈమధ్య రివ్యూలు మిషన్ చేతే రాయించేస్తున్నారు, క్షణంలో వంద వస్తాయట. నీకు పది రానీ, మనుషులవి రానీ.

మన ఇంట్లో వాళ్ల సంగతి ఒకటి ఉంది, కాస్త జాగ్రత్తగా చెప్పు. మీ పిన్ని ఇప్పటికే రెండు వంటల గ్రూపుల్లో "సూపర్ ఆయిల్, మేం ఇదే వాడతాం" అని పెట్టింది, చూశాను. నీ మీద ప్రేమతోనే పెట్టింది, నిజంగా వాడుతోంది కూడా. కానీ చదివేవాళ్లకి ఆవిడ ఎవరో తెలియదు. "మా అక్క కొడుకు గానుగ" అని ఒక్క ముక్క చేర్చమను. నీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి కూడా అదే చెప్పు, "నేను ఈ గానుగలోనే పని చేస్తాను" అని రాసి మరీ ఎంత పొగిడినా తప్పు లేదు. ఆవిడకి చెప్పేటప్పుడు తప్పు చేశావన్నట్టు చెప్పకు. పౌరుషం ఎక్కువ, నొచ్చుకుంటుంది.

ఇలా చేస్తే మొదటి మూడు నాలుగు నెలలు అమ్మకాలు నెమ్మదిగానే ఉంటాయి. ఏజెన్సీ వాళ్లు చూపించిన గ్రాఫ్ లాగా పైకి లేవదు. అది నీకు ముందే చెప్పాలి. బ్యాంకు వాయిదా సంగతి నాకు గుర్తుంది. ఆ 35 వేలు నీ చేతిలో ఉంటే రెండు వాయిదాలు దాటేస్తావు. మూడోదానికి ఇబ్బందైతే నన్ను అడుగు, మొహమాటపడకు. దసరా లోపు పిండివంటలకి నూనె అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు, ఇప్పటి నుంచే మీ చుట్టుపక్కల స్వీట్ షాపుల వాళ్లని కలువు.

రేపు పొద్దున నీకు 800 ఫోన్‌పే చేస్తున్నాను, రెండు లీటర్లు పంపు. ఊరికే పంపితే తిప్పి పంపుతాను. వచ్చే శనివారం మా గ్రూపులో నేనూ ఒక పోస్టు పెడతాను, ఇలా రాసుకున్నాను, చూడు: "ఇది మా మేనల్లుడి గానుగ నూనె. వాడు నా సొంత తమ్ముడి కొడుకు, వాడి వ్యాపారం బాగుండాలని నాకు ఉంది. డబ్బిచ్చి కొన్నాను. పప్పులో తాలింపుకి, పచ్చడిలోకి చాలా బాగుంది. గారెలకి పొగ ఎక్కువ వచ్చింది." గారెల మాట పండక్కి నువ్వు పంపిన సీసా సంగతే, కొత్తది వచ్చాక మళ్లీ వేసి చూసి, పొగ రాకపోతే తీసేస్తాను, వస్తే ఉంచుతాను.

మీ నాన్నని బీపీ మాత్ర రాత్రి కాదు, పొద్దున వేసుకోమన్నారని గుర్తు చెయ్యి. డాక్టర్ చెప్పింది ఆయనకి ఎప్పుడూ తలకెక్కదు.

మీ అత్త